చెవిలో నారు

ఆ ఉదయం తనూజ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోక అనే పల్లెలోని అత్తగారింటికి వెళ్లి ఒక సంచి వడ్లు తెచ్చుకోవాలి, పట్నంలో తాముండే గాంధీనగర్‌లో ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టి వాటిని కమ్మలుగా, హారాలుగా గుచ్చించాలి. పక్కవీధి రాజశ్రీ మేడమ్ తన కూతురి పెళ్లికి వచ్చే ఆడవాళ్లందరికీ జాకెట్ ముక్కలకు బదులు పర్యావరణహితమైన వడ్ల నగలు పంచుతానని అందరికీ చెప్పేసింది. చిక్కల్లా ఎండు వడ్లతోనే. సూది దిగగానే గింజ పగిలిపోతోంది.

"అత్తా, వడ్లు యాడుండాయి?" అని తనూజ వాకిట్లోంచే కేకేసింది.

"కొట్టంలో సంచి ఉండాది, తీసుకోమ్మా," అంది నాంచారమ్మ వంటింట్లోంచి. ఆమె చెప్పింది కోళ్లకు వేసే పాత వడ్ల సంచి గురించి. తనూజ కంటికి ముందు కనబడింది మాత్రం మూలన రాయి కింద ఉన్న తడి గోనెసంచి. ఒక గింజకు సూది గుచ్చి చూసింది. వెన్నలో దిగినట్టు దిగింది. ఆమె ఆ రాయిని మెల్లగా పక్కకు దొర్లించింది.

అది మామగారు బసవపున్నయ్య నానబెట్టి, మొలక కోసం మూటగట్టిన విత్తనం. పోయిన పంటకు కాలువలో నీళ్లు రాలేదు. ఈసారి వచ్చాయి, కొద్ది రోజులే వదులుతారట. ఈ పంట కూడా పోతే పొలాన్ని ఇటుకబట్టీ ఆసామికి అమ్మేస్తానని ఆయన అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు.

సంగతి తనూజ భర్త తిరుమలేష్‌కు తెలిసేసరికి సంచి ఖాళీ అయింది, గది నిండా హారాలు వేలాడుతున్నాయి.

"ఏం పని చేసినావే! అది నారుమడికి పెట్టింది!"

"అత్తే తీసుకోమనింది. ఇప్పుడు ఏం చేద్దాం? మామకు చెప్పేదా?"

"చెప్తే నాయన గుండె ఆగిపోతాది."

చెప్పే ధైర్యం లేక తిరుమలేష్ నాయన కంట పడకముందే మోకకు వెళ్లి, కోళ్ల వడ్లను నానబెట్టి అదే గోనెలో కట్టి, అదే రాయి పెట్టి వచ్చాడు. మూట విప్పిన రోజు బసవపున్నయ్య ముక్కు చిట్లించాడు. వాసన తేడాగా ఉంది, మొలక కనబడలేదు. చలికి ఆలస్యమైందనుకున్నాడు. నీళ్లు ఆగేలోపు చల్లాలి కాబట్టి చల్లేశాడు.

పెళ్లిలో గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలు వచ్చినవాళ్ల మీద పన్నీరు ధారాళంగా చిలకరించారు. మరునాడు రాజశ్రీ ఫోన్ చేసి, కంగారులో కన్నడం కలిపి అరిచింది.

"అయ్యో దేవరే! తనూజా, నా కమ్మల్లోంచి తెల్లగా పురుగు వస్తాండాది! ఏనమ్మా ఇది?"

"పురుగు కాదు మేడమ్, మొలక. ఇవి ప్రాణముండే నగలు. పొద్దున పూట కాస్త నీళ్లు చల్లండి."

సాయంత్రానికి ఆ కమ్మల ఫోటోలు ఊరంతా తిరిగాయి. తడి గుడ్డ చుట్టి పడుకున్నవాళ్లకు ఆకు కూడా వచ్చింది. కమ్మలు మొలకెత్తనివాళ్లు ముఖం చాటేశారు. "మీకు వట్టి కమ్మలే ఇచ్చినారా, పాపం," అని మిగతావాళ్లు పరామర్శించారు. ఇంకా కావాలని తనూజ ఇంటిముందు ఆడవాళ్లు చేరారు.

వాళ్ల మధ్యలోంచే ఒకరోజు బసవపున్నయ్య వచ్చి వసారాలో కూలబడ్డాడు.

"మడిలో ఒక్క గింజ మొలవలేదురా. నా విత్తనం ఎప్పుడూ ఇట్ల చేయలేదు. యాడన్నా నారు దొరుకుతాదేమో అడగరా."

తిరుమలేష్ గోడవైపు చూశాడు. సరిగ్గా అప్పుడే రాజశ్రీ లోపలికి వచ్చింది. ఆమె చెవులకు వేలెడు పచ్చని నారు ఊగుతోంది. ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆ ఆకును, కొడుకును, కోడలిని వరసగా చూశాడు. రాజశ్రీకి చేతులు జోడించాడు.

"తప్పనుకోవద్దమ్మా. మీ చెవికి ఉండేది మా నారు. పీకి పారేయొద్దు."

రాజశ్రీ అక్కడికక్కడే కమ్మలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆమె మాటమీద మిగతా ఆడవాళ్లు కూడా తెచ్చి ఇచ్చారు. కొన్ని వాడిపోయాయి, కొన్నింటికి పౌడరు వాసన. తనూజ దారాలు కత్తిరిస్తుంటే బసవపున్నయ్య ఒక్కొక్క మొక్కను ఏరి తడిగుడ్డలో పెట్టుకున్నాడు. అందరూ మోకకు వెళ్లి నాటారు. గట్టు పక్కన మంచం వేసేంత జాగా నిండింది. ఆ వారమే కాలువ ఆగిపోయింది.

బసవపున్నయ్య ఇచ్చిన మాట తప్పలేదు. పొలం కొన్న ఆసామి, చదును చేయించే ముందు ఆ మంచమంత పచ్చదనాన్ని ఫోటో తీయించుకున్నాడు.

ఇప్పుడు అతని బట్టీలో కాలే ప్రతి ఇటుక మీదా వరికంకి బొమ్మ, కింద 'పర్యావరణహితం' అన్న ముద్ర ఉంటాయి.