ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మలుపు దాకా

కిందటి దసరా నుంచి గోవర్ధనం ఇంటికి రావడం లేదు. ఇంటి ముందు నుంచి మాత్రం రోజూ నాలుగైదుసార్లు వెళ్తున్నాడు. బండి దిగకపోవడమే కారణం. కాలనీలో ఎవరూ దీనికి ముక్కున వేలేసుకోలేదు. ఫలానా ఇంటాయన గల్ఫులో ఉంటాడు, ఫలానా ఆయన రాత్రి డ్యూటీలో ఉంటాడు, గోవర్ధనంగారు బండి మీద ఉంటారు అని చెప్పుకుంటారు, అంతే.

బండి అంటే అల్లాటప్పా బండి కాదు. దేశాలు చుట్టిరావడానికి చేసిన మోటార్ సైకిలు. మూడు క్వింటాళ్ళ పైచిలుకు బరువు, రెండు పక్కలా సూట్‌కేసులంత పెట్టెలు, ముందు నిలువెత్తు అద్దం, చైను బదులు షాఫ్టు. గోవర్ధనం సహకార బ్యాంకులో ఆడిటరు. ఇంటికీ బ్యాంకుకూ మధ్య పట్టుమని అరగంట దారి లేదు. ఈమాత్రం దూరానికి ఇంత బండి ఎందుకండీ అని భార్య అరుంధతి అడిగితే, "దీనికి చైనుండదు. నూనె రాయక్కర్లేదు, బిగించక్కర్లేదు. ఆదివారం పూట చేతులు నల్లబడకుండా అమ్మాయితో కూర్చోవచ్చు" అన్నాడు. పాపం, నిజంగా అందుకే కొన్నాడు. పాత బండి చైనుతో కుస్తీ పడుతుండగా ఆయనకు ఎన్నో ఆదివారాలు పోయాయి. పదేళ్ళ కూతురు హంసిని అరుగు మీద కూర్చుని చూసి చూసి లోపలికి వెళ్ళిపోయేది.

బండి ఇంటికొచ్చిన మర్నాడు వాస్తు చూసే శేషాచార్యులుగారు వచ్చి, ఇంత బరువు నైరుతిలో తప్ప నిలబడకూడదనీ, దక్షిణపు గేటులోంచి రాకపోకలు చెయ్యకూడదనీ తేల్చారు. ఆ గేటు మూసేసి తూర్పు గోడలో, ఈశాన్యానికి దగ్గరగా, కొత్తది తెరవాలన్నారు. కొత్త గేటు వారంలో తయారైంది. పాత గేటు మూయడానికీ, బండిని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించడానికీ దసరా నాడు ఒకే ముహూర్తం కుదిరింది. రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయని ఇంటిల్లిపాదీ సంతోషించారు. గోవర్ధనం పాత గేట్లోంచి బయటికి వెళ్ళాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బంతిపూల దండతో తిరిగొచ్చేసరికి మేస్త్రీ గోడ పూర్తిచేసి తాపీ కడుక్కుంటున్నాడు.

కొత్త గేటు మనిషికి సరిపోయింది. స్కూటరుకూ సరిపోయింది. ఈ బండికి సరిపోలేదు. పెట్టెలు తీసేసినా ఇంజను పక్కలకు బిగించిన ఇనుప కమ్మీలు అడ్డం పడ్డాయి. అందరూ దిక్కులు కొలిచారు గానీ బండిని కొలవాలని ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడే కట్టిన గోడ పగలగొడితే అరిష్టమని ఆచార్యులుగారు కళ్ళు మూసుకున్నారు. సరే, బండి ఎక్కడైనా పెట్టి నడిచి వద్దామని గోవర్ధనం బయల్దేరాడు.

ద్విచక్ర వాహనాల స్టాండులో మూడు బళ్ళ చోటు తింటుందని రానివ్వలేదు. కార్ల స్టాండులో, చక్రాలు రెండే గనక లోపలికి కుదరదన్నారు. రోడ్డు పక్కన సైడ్ స్టాండు వేస్తే ఎండకు మెత్తబడ్డ తారులో అది దిగబడి బండి ఒరిగిపోయింది. బావమరిది చక్రధర్ ఒక నిమిషం పట్టుకుంటానని ముందుకొచ్చి, కాలి బొటనవేలి గోరు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పట్టుకుంటాననే మగాడు చుట్టాల్లో లేకుండా పోయాడు. చివరికి మునిసిపాలిటీలో స్టాండ్ల విభాగానికి అర్జీ పెట్టుకుంటే అక్కడి అధికారిణి చాలా మర్యాదగా విషయం విని, నిలపని వాహనానికి నిలిపే చోటు అక్కర్లేదు గనక ఇందులో సమస్యేమీ లేదని సెలవిచ్చారు. గోవర్ధనానికి కూడా అందులో తప్పు కనిపించలేదు. ఆడిటరు కదా, లెక్క కుదిరితే నమ్మేస్తాడు.

అప్పటి నుంచీ జీవితం ఒక పద్ధతిలో పడింది. బ్యాంకు కిటికీ పక్కనుంచి వెళ్ళేటప్పుడు అటెండరు ఫైళ్ళు అందిస్తాడు. గోవర్ధనం వాటిని ట్యాంకు మీద పెట్టుకుని చూసి, తర్వాతి చుట్టులో తిరిగిచ్చేస్తాడు. హాజరు పట్టీలో ఆయన్ని క్యాంపులో ఉన్నట్టు రాసుకుంటారు. స్నానం సంగతి అనుమానమున్నవాళ్ళకు చెప్పాలి: వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళు బండినీ ఆయన్నీ కలిపే కడుగుతారు, ఆయనకు విడిగా ఏమీ తీసుకోరు. నిద్ర రైల్వే గేటు దగ్గర. గూడ్సు బండి పొడుగ్గా ఉన్నరోజు ఒళ్ళు తెలియకుండా పడుతుంది. ఎండాకాలం సిగ్నళ్ళ దగ్గర ఇంజను వేడికి పిక్కలు కాలి బొబ్బలెక్కుతాయి. పక్కన ఆగినవాళ్ళు ఆ కాళ్ళు చూస్తారు, మాసిన గడ్డం చూస్తారు, తర్వాత అద్దం దించి, "ఎంతిస్తుందండీ?" అని అడుగుతారు. ఎందుకు దిగడం లేదని ఒక్కరూ అడగరు. మైలేజీ చెప్తే మాత్రం ఎంతో బాధపడతారు.

ఇంటి ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదటి గేరులోకి దింపితే, మలుపు దాకా అరుంధతి పక్కనే నడిచి రాగలదు. ఆ కాస్త మేరలోనే వాళ్ళ కాపురం. టిఫిన్ డబ్బా మారుతుంది, కరెంటు బిల్లు సంగతి తెలుస్తుంది, బీపీ మాత్రలు చేతిలో పడతాయి.

హంసిని మొదట్లో బండి వెంట పరిగెత్తి ఏడ్చేది. తర్వాత తెలివి తెచ్చుకుంది. గోడ దగ్గర తయారుగా నిలబడి, ట్రాన్స్‌ఫార్మర్ దాటగానే అందుకునేది: "నాన్నా లెక్కల్లో పద్దెనిమిది సైన్సులో ఇరవై శ్రావ్య నాతో మాట్లాట్లేదు పన్ను ఊడింది!" అంతలో మలుపు వచ్చేది. గోవర్ధనం ఊరంతా తిరిగొచ్చి, "ఏ పన్నమ్మా? చూపించు" అనేసరికి పన్ను ఇంటికప్పు మీదికి వెళ్ళిపోయి ఉండేది. పోనుపోను ఆ పిల్ల ఏది చెప్పాలో ఏది వదిలెయ్యాలో నేర్చుకుంది. మార్కులు చెప్పేది, ఏడుపు సంగతులు మానేసింది. అవి మలుపు వచ్చేలోపల పూర్తి కావు. గోవర్ధనానికి ఇది తెలుసు. హెల్మెట్ లోపల ఏడిస్తే తుడుచుకోవడం కష్టమని ఆయన కూడా మానేశాడు.

అరుంధతికి ఒకటే ఆశ ఉండేది. ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగాల్సిందే కదా, చైనైనా తెగకపోతుందా అని. బండి కొన్నప్పుడు మొగుడు చెప్పిన మాట ఆమె అప్పుడే మర్చిపోయింది. ఒకరోజు రైల్వే గేటు దగ్గర నూనె మార్చి వస్తున్న మెకానిక్ కాశింను ఆపి, "బాబూ, దాని చైను ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగింది.

"చైనా? దానికి చైనెక్కడిదమ్మా, షాఫ్టు కదా," అన్నాడు కాశిం. "వేళకి నూనె మారిస్తే మీ మనవలు కూడా తోలతారు. ఆగే మాటే లేదు."

అతను ధైర్యం చెప్పాననుకున్నాడు. అరుంధతి అక్కడే రోడ్డు మీద చతికిలబడి భోరుమంది. ఏడ్చినంతసేపు ఏడ్చి, ఇంటికొచ్చి, మేస్త్రీకి ఫోను చేసింది.

"ఆచార్యులుగారు ముహూర్తం పెట్టారామ్మా?" అని అడిగాడు మేస్త్రీ.

"గునపం పట్టుకురా. ముహూర్తం నేను పెడతాను."

ఆదివారం పొద్దున గోవర్ధనం మలుపు తిరిగి వచ్చేసరికి గోడ లేదు. దక్షిణపు గేటు ఉన్నచోట విశాలంగా ఆకాశం కనిపిస్తోంది. ఆయన హ్యాండిలు తిప్పాడు. బండి లోపలికి వచ్చి, సిమెంటు నేల మీద, నైరుతిలో, కిక్కురుమనకుండా నిలబడింది. ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దానికి పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు.

దిగడానికి చక్రధర్ సాయంపట్టాడు. కాళ్ళు రెండూ దూరంగానే ఉండిపోయాయి, దగ్గరికి రమ్మంటే రాలేదు. ఎలాగో స్నానం చేసి, పంచె కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అరుంధతి ముద్దపప్పు, గుత్తివంకాయ కూర వడ్డించింది. అలవాటు కొద్దీ టిఫిన్ డబ్బా కూడా కట్టి గుమ్మంలో పెట్టింది, అది ఎవరూ గమనించలేదు. హంసిని వచ్చి నాన్న ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆయన ఎదురుచూసింది దీనికే. కూతురి ముఖం ఇంత సేపు కదలకుండా చూసి ఎంత కాలమైందో! చెంప మీద చిన్న మచ్చ ఉంది. అది ఎప్పుడొచ్చిందో ఆయనకు తెలియదు.

"చెప్పమ్మా," అన్నాడు.

"ఇంగ్లీషులో పంతొమ్మిది సోషల్లో పదిహేడు కొత్త టీచరొచ్చింది చెప్పులు తెగిపోయాయి," అంది హంసిని ఒక్క గుక్కలో.

ఆయన పప్పులో నెయ్యి కలుపుతుండగానే అయిపోయింది. మళ్ళీ చెప్తుందేమోనని చూశాడు. ఆ పిల్ల కూడా ఆయన వెళ్ళిపోతాడేమోనని చూసింది. ఆయన వెళ్ళలేదు.

"ఇంకా?"

"అంతే నాన్నా."

"శ్రావ్య ఎందుకు మాట్లాడట్లేదూ?"

"అది ఎప్పటి సంగతో."

అరుంధతి గరిటె పట్టుకుని నిలబడి, ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఆమెకు కూడా ఏదో అడగాలని ఉంది, మొదటి మాట దొరకలేదు. గోవర్ధనం అన్నం తినడం కావాలని నెమ్మది చేశాడు. విస్తరాకు అంచులు సర్దాడు. చివరికి పెరుగన్నం కూడా అయిపోయింది. హంసిని గోళ్ళు చూసుకుంది, వీధి వైపు చూసింది, సిగ్గుపడుతూ నెమ్మదిగా అంది:

"నాన్నా, ఒక్కసారి అలా తిరిగొస్తావా? నువ్వలా వస్తుంటే అన్నీ గుర్తొస్తాయి నాకు. ఇలా కూర్చుంటే ఏం చెప్పాలో తెలియట్లేదు."

గోవర్ధనం భార్య వంక చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వెళ్ళి రండి. గోడ మళ్ళీ కట్టించనులెండి," అంది.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఎక్కేటప్పుడు ఎవరి సాయమూ అవసరం కాలేదు. ఊరంతా తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చేసరికి హంసిని రోడ్డు అంచున ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. ఈసారి శ్రావ్య ఎందుకు మాట్లాడలేదో చెప్పింది, చెంప మీద దెబ్బ ఎలా తగిలిందో చెప్పింది, దసరా నాడు గోడ దగ్గర ఎంతసేపు ఏడ్చిందో చెప్పింది. గోవర్ధనం బండి ఎంత నెమ్మదిగా నడుస్తుందో అంత నెమ్మదిగా నడిపి, ఆగకుండా అంతా విన్నాడు.