బీ బ్లాకు ఆడవాళ్ళు రెండేళ్ళు ఆగాలి

2006 ఏప్రిల్‌లో, దక్షిణ ఢిల్లీలో సమదర్శి ఫౌండేషన్ వారి చల్లని గదిలో, స్త్రీపురుష సమానత్వం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. గదిలో ఉన్న తొమ్మిదిమందీ మగవాళ్ళే కావడంతో అభిప్రాయభేదాలు తలెత్తలేదు. (పదో కుర్చీ మహిళా ప్రతినిధిది. సమావేశం సాయంత్రం ఏడింటికి పెట్టడం వల్ల ఆవిడ వంట చేసుకోవడానికి ఇంటికి వెళ్ళిపోయారు. ఈ విషయం మినిట్సులో విచారంతో నమోదైంది.)

ఆ ఆమోదం తాలూకు మేలు యమున అవతల ఒక పునరావాస కాలనీలో క్లినిక్ నడుపుతున్న మార్త మీద పడింది. మార్తది నరసాపురం దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్ళు ఢిల్లీ ఆస్పత్రుల్లో, పురుళ్ళ గదిలో నర్సుగా చేసింది. రిటైరయ్యాక కాలనీలో చర్చివాళ్ళు ఇచ్చిన రెండు గదుల్లో ఆడవాళ్ళ కోసం ఆ క్లినిక్ తెరిచింది. రోజూ ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వారానికి రెండు రోజులు ఒక డాక్టరమ్మ కూడా వచ్చేది. చర్చి చందాలు తగ్గేసరికి ఆ డాక్టరమ్మ రావడం ఆగిపోయింది. అందుకని మార్త సమదర్శి ఫౌండేషన్‌కి దరఖాస్తు పెట్టుకుంది.

దరఖాస్తు అరవై నాలుగు పేజీలు. నలభై ఒకటో పేజీలో 'మీ క్లినిక్ వల్ల పితృస్వామ్యం ఎంత శాతం తగ్గును?' అని ఉంది.

"ఏం రాయమంటారు?" అని మార్త భర్తని అడిగింది.

యేసుదానం ముప్పై ఏళ్ళుగా సర్కారు గుమాస్తా. కళ్ళజోడు సర్దుకుని, "ఐదు రాయి. ఎక్కువైతే నమ్మరు" అన్నాడు.

వారం తిరక్కుండా ఫౌండేషన్ డైరెక్టర్ లక్ష్మీపతి గారు ఫోన్ చేశారు. "ఐదేంటమ్మా? పక్క సంస్థవాళ్ళు నలభై రాశారు. తెలుగువాళ్ళం మనం వెనకబడితే ఎలా?" అని ఆయనే ముప్పై ఐదు వేసుకున్నారు. నిధులు మంజూరయ్యాయి.

జూన్‌లో లక్ష్మీపతి గారు స్వయంగా కాలనీకి వచ్చి, కారు దిగకుండానే రోడ్డు చూపించారు.

"మీ కాలనీని రెండుగా చేశామమ్మా. ఇటు ఏ బ్లాకు. వీళ్ళకి డాక్టరు, మందులు, కాపర్-టి, అన్నీ ఇస్తాం. అటు బీ బ్లాకు. వాళ్ళకి ఏమీ ఉండదు. కంట్రోల్ గ్రూప్ అంటారు."

"వాళ్ళేం తప్పు చేశారండీ?"

"తప్పు కాదమ్మా, సైన్స్. ఏమీ ఇవ్వనివాళ్ళు ఎలా ఉన్నారో తెలిస్తేనే కదా, ఇచ్చినవాళ్ళు ఎంత బాగుపడ్డారో చెప్పగలం! రెండేళ్ళు ఆగమనండి."

"మరి వచ్చి తలుపు కొడితే?"

"ఎంకరేజ్ చెయ్యకండి."

మార్త రాత్రంతా ఆలోచించింది. సంతకం పెట్టకపోతే ఎవరికీ డాక్టరు లేదు. పెడితే సగం మందికి ఉంటుంది. పొద్దున్నే పెట్టేసింది.

ఏ బ్లాకులో సమానత్వం సజావుగా మొదలైంది. ఒక్క ఏడో ఫారమే కొంచెం చికాకు పెట్టింది. కుటుంబ నియంత్రణ గురించి సదరు మహిళ ఎవరి ఒత్తిడీ లేకుండా స్వతంత్రంగా నిర్ణయించుకుంది అని దాంట్లో ధ్రువీకరించాలి. (ధ్రువీకరించవలసినవారు: భర్త. ఆయన అందుబాటులో లేకుంటే మామగారు.)

జూలైలో బీ బ్లాకు నుంచి కోటమ్మ వచ్చింది. శ్రీకాకుళం నుంచి భవనాల పనికి వలసొచ్చిన మనిషి. ఇరవై నాలుగేళ్ళకి ముగ్గురు పిల్లలు. కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది.

"సిస్టరమ్మా, ఆ లూప్ ఏదో ఎట్టీయమ్మా. ఇంకో కాన్పు నావల్ల కాదు."

అలమరలో కాపర్-టి పాకెట్లు వరసగా ఉన్నాయి. మార్త వాటి వంక చూసి, కోటమ్మ వంక చూసింది.

"నీది ఏ బ్లాకమ్మా?" అని తెలిసే అడిగింది.

"బీ."

"పెద్దాసుపత్రికి వెళ్ళమ్మా. ఇక్కడ ఇప్పుడు కుదరదు."

"ఆడ పొద్దల్లా లైనే. ఒక పూట పని మానితే మేస్త్రీ రావొద్దంటాడు" అంది కోటమ్మ. మార్త అలమర తలుపు వేసింది. కోటమ్మ చెప్పులేసుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

నవంబరులో ఆమెని రిక్షాలో పడుకోబెట్టి తెచ్చారు. నెల తప్పితే, మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలేవో మింగింది. రిక్షా చెక్క మీద నుంచి రక్తం కారుతోంది. మార్త ఏ బ్లాకా, బీ బ్లాకా అని అడగలేదు. సెలైన్ ఎక్కించి, బాటిల్ చేత్తో ఎత్తి పట్టుకుని, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కాక, మర్నాటికి కోటమ్మ కళ్ళు తెరిచింది.

"సచ్చిపోతాననుకున్నాను సిస్టరమ్మా."

"నేనూ అనుకున్నాను" అంది మార్త. బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వేలమందికి పురుడు పోసిన చేత్తో ఒక పాకెట్ తీసి ఇవ్వలేకపోయానే అనుకుంది.

జరిగింది ఫౌండేషన్‌కి రాసి పంపింది. జవాబు వెంటనే వచ్చింది. 'కంట్రోల్ గ్రూపు నుంచి ఇంత విలువైన సమాచారం అందించినందుకు అభినందనలు. ఇలాంటివి మరిన్ని ఆశిస్తున్నాం.'

మార్త ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. మర్నాటి నుంచి వెనక తలుపు తీసి ఉంచింది.

బీ బ్లాకు ఆడవాళ్ళు వెనక నుంచి వచ్చేవాళ్ళు. రిజిస్టర్లో రాయడానికి ఏ బ్లాకు ఆడవాళ్ళు తమ ఇంటి నంబర్లు ఇచ్చారు. కోటమ్మ లేచి తిరగగలిగాక, ఎవరు ఏ ఇంటి నంబరు చెప్పాలో తనే నేర్పించేది. ఆ లెక్కన పద్నాలుగో నంబరు ఇంట్లో, ఒకే గదిలో, ముప్పై ఒక్కమంది స్త్రీలు కాపురం ఉంటున్నారు. కంప్యూటర్ అభ్యంతరం చెప్పలేదు. (వార్షిక నివేదికలో 'ఏ బ్లాకున ఉమ్మడి కుటుంబాల పునరుజ్జీవం' అని ఒక పేరా చేరింది.)

2008లో సర్వే జట్టు వచ్చి రెండు బ్లాకుల్లోనూ ఇల్లిల్లూ తిరిగింది. రక్తం చూశారు, బరువులు చూశారు, కాన్పులు లెక్కపెట్టారు. రెండు వైపులా ఆడవాళ్ళు సమానంగా బాగున్నారు. నివేదిక శాస్త్రీయంగా తేల్చి చెప్పింది: సేవలేవీ అందని స్త్రీలు కూడా అంతే ఆరోగ్యంగా ఉన్నారు గనుక సేవలు అవసరం లేదు.

మార్త బస్సెక్కి లక్ష్మీపతి గారి ఆఫీసుకి వెళ్ళింది.

"సార్, వాళ్ళు ఊరికే బాగుపడలేదు. వాళ్ళనీ నేనే క్లినిక్‌లో చూశాను. అడ్రసులు మార్చి రాశాను."

లక్ష్మీపతి గారు పెన్ను కింద పెట్టారు. "ఎంతమందిని?"

"వచ్చినవాళ్ళందర్నీ. నా మీద ఏ చర్య తీసుకున్నా సరేనండీ. క్లినిక్ మాత్రం ఆపకండి."

ఆయన లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "మీరు చాలా మంచి పని చేశారమ్మా. అందుకే దాన్ని ఎక్కడా రాయలేం. రిపోర్టు ప్రింటుకి వెళ్ళిపోయింది. టీ తీసుకోండి."

మార్త టీ తాగలేదు.

ఆ నెలాఖరుకి నిధులు ఆగిపోయి డాక్టరమ్మ రావడం మానేసింది. గదులు ఖాళీగా ఎందుకని చర్చివాళ్ళు అందులో పెళ్ళిళ్ళ కుర్చీలు పెట్టుకున్నారు. మార్త మంగళవారాలు కోటమ్మ ఇంటి ముందు స్టూలు వేసుకుని బీపీ చూస్తుంది. చేతిలో అంతకు మించి ఏమీ లేదు.

ఫౌండేషన్ మాత్రం కాలనీని వదిలిపెట్టలేదు. అక్కడి ఆడవాళ్ళు క్లినిక్‌కి వెళ్ళడం ఉన్నట్టుండి ఎందుకు మానేశారో కనుక్కోవడానికి మూడేళ్ళ అధ్యయనం మంజూరైంది.