పదో మీట

ఆ శనివారం ఉదయం ఆనంద్ పాల్ గారు వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికల్లా తాడేపల్లిగూడెం కమ్యూనిటీ హాలుకి వెళ్లాలి, సాయంత్రం నాటక పోటీలకి కుర్చీలు వరసగా వేశారో లేదో చూడాలి, భోజనానికి ఇంటికి రావాలి. పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక ఆయనకి దక్కిన పెద్ద పదవి ఈ పోటీల కార్యదర్శి పదవే. ఆ పదవిలో ఆయనకున్న శుభ్రత పిచ్చిని చూసి భార్య నిర్మల గారికి మాత్రం భయంగా ఉండేది.

"ఏవండీ, కుర్చీలు సర్దితే సర్దారు గానీ మిగతావి ముట్టుకోకండి. మొన్న చర్చిలో హార్మోనియం తుడిచారు. ఇప్పటికీ రెండు మెట్లు పైకి లేవట్లేదు."

"దుమ్ము కనబడుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?" అంటూ ఆయన సంచిలో మెత్తటి గుడ్డ పెట్టుకున్నారు.

హాల్లో ఎవరూ లేరు. వేదిక మీద పన్నెండు నల్ల డబ్బా లైట్లు బోర్లా పడుకోబెట్టి ఉన్నాయి. రెండు వేల ఏడులో అవి ఆ చుట్టుపక్కల కొత్త. ఒక్కో లైటూ ఎన్ని రంగులైనా మార్చుకోగలదట. వాటిని ఏలూరు నుంచి తెచ్చిన మెర్సీ అనే అమ్మాయి రెండు గంటలు కూర్చుని వాటి వెనక ఏదో సర్ది, టిఫినుకి వెళ్లింది.

ఆనంద్ పాల్ గారు గుడ్డ తీశారు. తుడుస్తుంటే ప్రతి లైటు వెనకా బియ్యపు గింజలంత మీటలు పదేసి కనిపించాయి. ఒకదాంట్లో మొదటిదీ మూడోదీ అయిదోదీ పైకి, మిగతావి కిందికి. ఇంకోదాంట్లో రెండోదీ మూడోదీ పైకి. ఏ రెండు లైట్లకీ పొంతన లేదు. ఈ కాలం పిల్లలకి ఒక పద్ధతంటూ లేదనుకుని, ఆయన జేబులోంచి పెన్ను తీసి, దాని మొనతో నూట ఇరవై మీటలూ ఒకే వరసలో పైకి నెట్టారు. అరగంట పట్టింది. వెనక్కి జరిగి చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది.

మెర్సీ తిరిగొచ్చి లైట్లన్నీ వేదిక పైనున్న ఇనప గొట్టానికి కట్టించింది. అప్పటికే కరెంటు పోయింది. జనరేటరు తెచ్చిన తాతాజీ అది మైకులకే సరిపోతుందన్నాడు.

"ఒకసారి వేసి చూసుకుంటే బాగుండేదండి," అంది మెర్సీ.

"నాలుగింటికి కరెంటొస్తుంది, నాలుగింటికే నాటకం. ఇంకెప్పుడు చూస్తావమ్మా? అన్నీ నీటుగానే ఉన్నాయిలే, నేను చూశాను," అన్నారాయన.

మొదటి నాటకం మండవల్లి మహిళలది. కొల్లేటి వరదకి చెరువు గట్టు కాపాడబోయి చనిపోయిన భర్త పక్కన కూర్చుని భార్య ఏడ్చే సన్నివేశంతో తెర లేస్తుంది. ఆ పాత్ర వేసే సత్యవతి గారు మూడు నెలలుగా ఆ ఏడుపునే సాధన చేశారు. కిటికీలు మూశారు. హాలంతా చీకటి. మెర్సీ తన బల్ల దగ్గర సన్నటి నీలి వెలుగు కోసం మీట జరిపింది. ఏ లైటూ వెలగలేదు.

"నన్నొదిలి ఎలా వెళ్లావయ్యా," అన్నారు సత్యవతి గారు.

'నన్ను'కి ఎరుపు వచ్చింది. 'ఎలా'కి పచ్చ. 'వెళ్లావయ్యా' అని సాగదీసేసరికి పన్నెండు లైట్లూ ఊదా నుంచి పసుపు దాకా పరుగెత్తాయి. చనిపోయిన భర్త ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకీ లైట్లు ఆడాయి. దాంతో హాలంతా నవ్వింది. ఆవిడ ఏడుపు నిజమైంది. నిజం ఏడుపు ఇంకా గట్టిగా ఉంటుంది గనక రంగులు ఇంకా జోరందుకున్నాయి.

"ఇది వోల్టేజీయే," అన్నారు అధ్యక్షులు దేవరాజు గారు. మైకులు ఆపి, జనరేటరు మీద లైట్లు వేయమని ఆనంద్ పాల్ గారు తాతాజీకి కబురంపారు. జనరేటరు స్టేజీ వెనకే ఉంది. దాని చప్పుడు మొదలవగానే లైట్లు ఇక ఆగడమన్నదే మరిచిపోయాయి. మాటలు వినబడక వెనక వరస వాళ్లు చప్పట్లు చరిచారు. సత్యవతి గారు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

తెర దింపించి, జనరేటరు ఆపించి, మైకులు మళ్లీ వేయించి, ఆనంద్ పాల్ గారు తెర ముందుకొచ్చారు. "ఈ అంతరాయం లైటింగు వారి అశ్రద్ధ వల్ల జరిగింది. అమ్మాయి కొత్త. మన్నించండి." అందరూ వెనక్కి తిరిగి మెర్సీని చూశారు. ఆ అమ్మాయి నిచ్చెన తెప్పించుకుంది.

పది నిమిషాల తరవాత ఒక లైటు దించి ఆయన దగ్గరికి తెచ్చింది.

"ఇది చూడండి సార్. మొదటి మీట ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, అలా రెట్టింపవుతూ పోతాయి. పైకున్నవి కూడితే ఆ లైటు నంబరు. ఒక్కో లైటుకీ అయిదేసి నంబర్లు పడతాయి గనక అయిదో లైటు ఇరవై ఒకటి కావాలని ఒకటి, మూడు, అయిదు పైకి పెట్టాను. ఆ నంబరు పిలిస్తేనే అది పలుకుతుంది."

"మరి పదోది?" అని అడిగారాయన.

"అది పైకుంటే నంబరుతో పనుండదండి. చప్పుడుని బట్టి ఆడుతుంది. పెళ్లి ఊరేగింపుల్లో వాడతారు. ఎవరో పదీ పైకి నెట్టేశారు. పెన్ను గీతలు కూడా ఉన్నాయి." ఆ అమ్మాయి చూపు ఆయన జేబు దాకా వెళ్లి, అక్కడ ఆగకుండా పక్కకి తప్పుకుంది. "సత్యవతి గారికి నాదే పొరపాటని చెప్పేశానండి. ఆవిడ ఇంకా ఏడుస్తున్నారు."

ముప్పై అయిదేళ్లు ఇంటి నంబరు లేని ఉత్తరాల మీద విసుక్కున్న మనిషి, అరగంటలో పన్నెండు లైట్లకి అడ్రసు లేకుండా చేశారు. పైగా నెపం కూతురు వయసు పిల్ల మీద, మైకులో వేశారు.

"నీ పొరపాటు కాదమ్మా. నేనే నెట్టాను. క్షమించు," అన్నారు తల వంచుకుని.

"నాకు చెప్తే ఎలాగండి," అంది మెర్సీ మెల్లగా. "తిట్టింది మైకులో కదా."

ఆయన ముందుగా సత్యవతి గారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పి, ఆ నాటకం చివర్లో మళ్లీ ఆడడానికి న్యాయనిర్ణేతలని ఒప్పించారు. తరవాత మైకు పట్టుకున్నారు.

"తప్పు లైటింగు అమ్మాయిది కాదండి. మీటలు కదిపింది నేను. నాకు సిగ్గుగా ఉంది."

హాల్లో చప్పట్లు మోగాయి. దేవరాజు గారు కళ్లు తుడుచుకుంటూ వేదికెక్కారు.

"చూశారా అండీ, ఒక ఆడపిల్ల చేసిన తప్పుని తన నెత్తిన వేసుకున్నారు. ఇదండీ పెద్దరికమంటే."

"కాదు దేవరాజు గారూ, నిజంగా నేనే, ఇదిగో ఈ పెన్నుతోనే…"

"ఇంకా చెప్తున్నారు చూడండి," అంటూ దేవరాజు గారు ఆయనకి శాలువా కప్పేశారు. ఆనంద్ పాల్ గారు ఎంత గింజుకుంటే చప్పట్లు అంత పెరిగాయి. హాలు చివర మెర్సీ తల వంచుకుని, దించిన లైట్ల మీటలు సరిచేసుకుంటోంది. ఆమె మాత్రం చప్పట్లు కొట్టలేదు.

సత్యవతి గారు రెండోసారి ఏడ్చినప్పుడు సన్నటి నీలి వెలుగు ఆవిడ మీద కదలకుండా నిలిచింది. హాలంతా ఆవిడతో పాటు ఏడ్చింది. బహుమతి మండవల్లికే వచ్చింది. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న ఆనంద్ పాల్ గారు ఎవరి ముఖమూ చూడలేకపోయారు.

మర్నాడు జిల్లా పత్రికలో ఆయన ఫొటో, 'తప్పు తనపై వేసుకున్న కార్యదర్శి' అన్న వార్త పడ్డాయి. నిర్మల గారు అది చదివి, భర్త చేతిలోని గుడ్డ వైపు చూసి, కాఫీ పెట్టడానికి వెళ్లారు. ఆయన అప్పటికప్పుడు కూర్చుని, జరిగింది జరిగినట్టు, మెర్సీ పేరుతో సహా నాలుగు పేజీలు రాసి, పూర్తి చిరునామాతో సంపాదకుడికి పంపారు.

పత్రిక వారు ఆ ఉత్తరాన్ని 'ఆదర్శప్రాయమైన వినయం' అనే శీర్షిక కింద అచ్చు వేశారు.