దిండ్ల ఫ్యాక్టరీలో దొంగ పొగ

ఫ్యాక్టరీలో అన్నీ ఆపేశాక కూడా మీటరు పరిగెడుతూనే ఉంది.

అల్లుడు దాని ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తే బాయిలరు పొగగొట్టం కలగంటున్నట్టు, తీరిగ్గా తెల్లటి పొగ వదులుతోంది. ఆవిరితో దూది ఆరబెట్టే యంత్రాన్ని ఎప్పుడో ఆపేశాడు. మరి ఆ ఆవిరి ఎవరి కోసం? సాయంత్రం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేస్తుంది.

ఆ ఫ్యాక్టరీ మామగారిది. తయారయ్యేవి దిండ్లూ, పరుపులూ. కుట్టు హాలు నడిపేది ఆయన కూతురు, అంటే అల్లుడి భార్య. ఒక్కో వస్తువు తయారీకి ఎంత కరెంటు, ఎంత గ్యాసు ఖర్చయి, ఎంత పొగ గాల్లో కలుస్తోందో కొలిచి తగ్గించడం అల్లుడి వృత్తి. ఇన్నాళ్లూ పరాయి కంపెనీలకి చేసిన పని ఇప్పుడు ఇంటి మీదికొచ్చింది. దిండ్లు కొనే హోటళ్ల సంస్థ, కార్బన్ పొగ తగ్గితేనే ఆర్డరు అని తేల్చేసింది. అది చూడ్డానికే ఇన్‌స్పెక్టరమ్మని పంపుతోంది. ఆర్డరు పోతే కుట్టు హాలులో సగంమంది ఇంటికి పోవాలి. ఎవరెవరన్నది భార్యే తేల్చాలి.

"ఆ పని నా చేత చేయించావంటే ఇక నీతో మాట్లాడను," అని ఆమె పొద్దున కాఫీ దగ్గరే చెప్పేసింది.

రోజూ మధ్యాహ్నం మీటరు ఎందుకో పెరుగుతోంది. అదేంటో పట్టుకోడానికి పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఒక్కొక్కటీ ఆపుతూ మీటరు చూడాలి. ఏది ఆపితే అది నెమ్మదిస్తుందో అదే దొంగ. మామగారికి తెగ నచ్చింది. దుబారా చేసేవాడు ఎవడైనా సరే, పట్టుకుంటే గేటు బయట నిలబెడతానని అందరి ముందూ ప్రకటించారు. చివరనున్న పరుపుల పరీక్ష గదిని కూడా చూస్తానంటే మాత్రం, అక్కడ యంత్రాలేం లేవు, పరుపులేగా అని కొట్టిపారేశారు. మామగారి మాట కదా, అల్లుడు ఆ గదిని వదిలేశాడు.

ముందు మీటరు దగ్గర నుంచే హాలు ఫ్యాన్లు ఆపాడు. మీటరు పెరిగింది. లైట్లు ఆపాడు. ఇంకా పెరిగింది. కుట్టుమిషన్లు ఆపేసరికి పొగగొట్టానికి రెట్టింపు హుషారొచ్చింది. ఆపినకొద్దీ ఎక్కువ తినే ఫ్యాక్టరీని అతను ఇంతవరకూ చూడలేదు. బాయిలరు మేస్త్రీని నిలదీద్దామని వెళ్తే మేస్త్రీ లేడు. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. కుట్టు హాలుకి పరిగెత్తాడు. మసక వెలుతురులో దూది నూగు నిదానంగా తేలుతోంది. సగం కుట్టిన దిండ్లు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. మనిషన్నవాడు లేడు. భార్య కూడా లేదు.

గోడ వెంబడి ఆవిరి గొట్టం ఒకటి సన్నగా బుస కొడుతోంది. దాన్ని పట్టుకునే నడిచాడు. అది పరీక్ష గది గుమ్మం దగ్గర నేలలోకి దిగిపోయింది. తలుపు తోశాడు.

చల్లగాలి మొహాన కొట్టింది. కాళ్ల కింద నేల మాత్రం వెచ్చగా ఉంది. నీలం దీపం వెలుగులో వరసగా పరుపులు, పరుపుల మీద ఫ్యాక్టరీ మొత్తం నిద్రపోతోంది. అందరి ఊపిరీ ఒకే అలలా లేచి పడుతోంది. మధ్యలో దుప్పటి ముసుగేసుకుని మామగారు. ఆయన పక్క పరుపు మీద, చెప్పులు పద్ధతిగా విడిచి, ఎవరో కొత్తావిడ.

గుమ్మం పక్కనే భార్య లేచి కూర్చుంది. చెంప మీద దిండు కుట్టు అచ్చు పడింది.

"నెమ్మది. ఆవిడే ఇన్‌స్పెక్టరు. ముందే వచ్చేసి, పరుపు చూద్దామని వాలింది."

"ఏంటిదంతా?"

"అంతా నీ చలవే. ఫ్యాన్లు ఆపావు. నాన్నకి ఉక్కపోసి ఇక్కడికొచ్చి ఏసీ పెంచారు. కాళ్లు చల్లబడ్డాయని నేల కింద ఆవిరి వదిలారు. లైట్లు ఆపావు, చీకట్లో కుట్టలేక వీళ్లూ వచ్చారు. జనం పెరిగారు, మళ్లీ ఉక్క. ఏసీ ఇంకా పెంచారు, ఆవిరీ పెంచారు. నేను లేపడానికే వచ్చాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు."

"మరి రోజూ మధ్యాహ్నం మీటరు పెరిగేది?"

"నాన్న భోజనం చేశాక పరుపు నాణ్యత చూస్తారుగా."

ఈ గుసగుసలకి ఇన్‌స్పెక్టరమ్మ కళ్లు తెరిచింది. కోప్పడలేదు. ఇంత మంచి నిద్ర పట్టి చాలా కాలమైందని చెప్పి దుప్పటి మడతపెట్టింది. తర్వాత అసలు సంగతికొచ్చింది. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా తగ్గిందనే చెబుతారట, ఎందుకు పెరిగిందో ఒక్కరూ చెప్పరట. కారణం దాచకుండా చెప్పినవాళ్లకే ఆర్డరు అంది.

ఒక్కొక్కరే లేచారు. కుట్టేవాళ్లంతా దిండ్లు గుండెలకి హత్తుకుని అల్లుడి నోటి వంక చూశారు.

"ఈ గదిలోనేనండీ," అన్నాడు అల్లుడు. "పైన ఏసీ, కింద ఆవిరి, రెండూ పోట్లాడుకుంటున్నాయి."

"వాటంతట అవి పోట్లాడుకోవుగా. పెట్టేదెవరు?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

అల్లుడు మామగారి వైపు తిరిగాడు. భార్య కన్నార్పకుండా చూస్తోంది. మామగారు దుప్పటి భుజాల మీదికి లాక్కుని గంభీరంగా కూర్చున్నారు.

"చెప్పవయ్యా. ఎవడైనా సరే గేటు బయటే అన్నానుగా. భయమెందుకు, నేనున్నాను."

"మీరున్నారనే భయం, మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. "పెట్టేది మీరే."