కర్టెన్లక్క నడకకు నూటికి నూరు

మోకాళ్ళ నొప్పికీ మోకాళ్ళకీ ఏ సంబంధమూ లేదనీ, అది కేవలం క్రమశిక్షణ లోపమనీ మూడంతస్తుల బట్టల షాపు యాజమాన్యం సోమవారం పొద్దున షట్టరు ఎత్తగానే ప్రకటించింది. షాపులో పనిచేసే ఇరవై ఏడుగురు ఆడవాళ్ళూ నిలబడి విన్నారు. అక్కడ వాళ్ళు ఏది విన్నా నిలబడే వింటారు.

ఈ మహా పరిశోధనకు కారకురాలు రెండో అంతస్తులో కర్టెన్లు అమ్మే ఆవిడ. షాపంతటికీ కర్టెన్లక్క. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిదాకా అదే నిలబాటు. "గంటకో పది నిమిషాలు కూర్చో తల్లీ. లేకపోతే ఏడాది తిరిగేసరికి ఈ మోకాలు నిన్ను మొయ్యదు" అని డాక్టరు చీటీ రాసిచ్చాడు. మోకాలు మొయ్యకపోతే షాపు మొయ్యదు, షాపు మొయ్యకపోతే ఇల్లు గడవదు. అది డాక్టరు రాయలేదు, రాయకపోయినా ఆవిడకు తెలుసు. చీటీ పట్టుకెళ్ళి మేనేజరును ఒక్క స్టూలు అడిగింది.

యాజమాన్యం మనసు వెన్న. స్టూలేం ఖర్మ, ఇరవై ఏడుగురికీ సెన్సార్లే తెప్పించింది!

పిక్కకు కట్టుకునే పట్టీ అది. పాదం వంకరగా పడితే జుయ్యిమని వణికి చర్మాన్ని తట్టి చెబుతుంది. తిన్నగా పడితే నోరు మూసుకుంటుంది. మోకాలి మీద భారం ఎంత తగ్గితే అన్ని మార్కులు వేస్తుంది, నిమిషనిమిషానికీ. ఆసుపత్రుల్లో ఇది నిజంగానే పనికొస్తుంది, కాసేపు నడిచి ఆపైన కూర్చునే వాళ్ళకు.

"ఏంటక్కా, నిమిషానికోసారి ఎవరో కాలికి ఫోన్ చేస్తున్నట్టుంది?" అంది తువ్వాళ్ళ సెక్షనావిడ.

"ఎత్తకు. మేనేజరే అయ్యుంటాడు."

కర్టెన్లక్కకు మొదటి మూడు రోజులూ నూటికి ముప్పై దాటలేదు. గురువారం లిఫ్టు చెడింది. మెట్లెక్కే ఓపిక బేరగాళ్ళకు లేదు. మధ్యాహ్నం రెండు నుంచి మూడుదాకా ఆవిడకు నూటికి నూరు వచ్చాయి.

పట్టీలు తెచ్చిన నిపుణుడికి కళ్ళు చెమర్చాయి. శుక్రవారమే సన్మాన సభ పెట్టారు. వేదిక మీద ఒకటే కుర్చీ, మేనేజరుది. ఆయన లేచి నిలబడి, "మనసు తిన్నగా ఉంటే కాలు తిన్నగా పడుతుంది! మన కర్టెన్లక్క సాకులు చెప్పలేదు, సాధించింది!" అని గర్జించి, మెళ్ళో పతకం వేసి, "ఆ గంటలో ఎలా నడిచావో అందరికీ చేసి చూపించమ్మా" అన్నాడు.

ఆవిడ మూడు అడుగులు వేసింది. మూడుసార్లూ జుయ్యిమంది. వెళ్ళి మేనేజరు కుర్చీలో కూర్చుంది.

"ఇలాగ సార్. గోడౌన్లో బట్టల మూటల మీద."

"నూరు సార్! మళ్ళీ నూరే!" అని మార్కులు కనిపించే తెర చూసిన నిపుణుడు కేక వేశాడు. పాపం, శాస్త్రవేత్త, అబద్ధం చేతకాదు. కింద ఇరవై ఆరుగురూ ఎక్కడివాళ్ళక్కడ నేలమీద చతికిలబడ్డారు. ఇరవై ఏడు పట్టీలూ గప్‌చుప్!

మేనేజరు వెంటనే తప్పు పసిగట్టాడు. తప్పు యంత్రానిది. కూర్చుంటే కూడా వణికేట్టు మార్చమన్నాడు. నిపుణుడు నాలుగు మీటలు నొక్కేసరికి పట్టీలన్నీ ఒక్కసారిగా మొదలెట్టాయి.

"హాయిగా ఉందే, పిక్కలు పట్టినట్టు" అంది తువ్వాళ్ళావిడ. ఒక్కరూ లేవలేదు. గంటన్నర అమ్మకాలు ఆగాయి. సాయంత్రానికి ఇరవై ఏడు స్టూళ్ళు వచ్చాయి.

ఆ స్టూళ్ళు తొమ్మిది రోజులున్నాయి.

తీయించింది మేనేజరు కాదు, ఆయన్ను అనవసరంగా తిట్టకండి. తీయించింది ఫిర్యాదుల పుస్తకం. "మేం వచ్చినా లేవడం లేదు", "డబ్బిచ్చి కొనేవాళ్ళంటే లెక్కలేదు", "చూడ్డానికి మర్యాదగా లేదు" అని మర్యాదస్తులు నలభై మంది వరసగా రాసి సంతకాలు పెట్టారు. నిలబడి రాస్తే వాళ్ళకు నడుము నొప్పి పుడుతుందని షాపువాళ్ళు పక్కనే మెత్తటి సోఫా కూడా వేశారు.

ఆ నలభైలో మీ సంతకం ఉందో లేదో మాకు తెలియదు. చూసుకోవాలనుంటే రెండో అంతస్తుకు వెళ్ళి కర్టెన్లక్కను అడగండి. నిలబడే ఉంటుంది. పుస్తకం పై అరలో ఉంది, మునివేళ్ళ మీద లేచి తీసిస్తుంది.