నా పిస్టలుకి ఇద్దరు పూచీదారులు కావలెను

ఐర్లాండులో కాపురముంటున్న ప్రతి తెలుగు గృహస్థుకీ ఒక మిలిటరీ పిస్టల్ ఉండి తీరాలి! ఉత్తుత్తి పిస్టల్ కాదు, సైనికులు నడుముకి తగిలించుకుని తిరిగే సిసలైన సరుకు. నవ్వకండి. ఈ మాట నేను కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, పూర్తి స్పృహలో ఉండి రాస్తున్నాను.

ముందుగా నా అర్హతలు మనవి చేసుకుంటాను. నా పేరు బుచ్చిబాబు. సిటీవెస్ట్‌లో ఒక అపార్ట్‌మెంటులో అద్దెకుంటున్నాను. వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఇతరులు చేసిన తప్పులు వెతికి జీతం పుచ్చుకుంటాను. ఇంట్లో అదే పని మా ఆవిడ జీతం లేకుండా చేస్తుంది. ఇక ఆయుధాల్లో నా అనుభవమంటారా, కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి, బూట్లు కరిచాయని మర్నాడే మానేశాను.

మరి ఇంతటి వీరుడికి పిస్టల్ మీద మోజు ఎందుకు పుట్టింది? కోడిగుడ్డు వల్ల పుట్టింది.

మొన్న నవంబరులో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ లూవాస్ దిగాను. లూవాస్ అంటే మా ట్రామ్. స్టాపు దగ్గర హూడీలు వేసుకున్న కుర్రాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటానో లేదో, వీపు మీద టప్పున ఏదో పగిలింది. వెనకాలే "మీ దేశానికి పో!" అని ఒక కేక, నవ్వులు. నేను కేకులో తప్ప గుడ్డు ముట్టని శాకాహారిని. పాపం, ఆ సంగతి వాళ్ళకి తెలిసుండదు.

వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి కోటు కడుక్కోవడం మొదలుపెట్టాను. భయం వేసింది. భయపడ్డందుకు సిగ్గు వేసింది. మా ఆవిడ వసుంధర ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. డ్యూటీ నుంచి వచ్చి ఆ పసుపు మరక చూసి ఏమిటని అడిగితే, లంచ్ బాక్సులో మజ్జిగ పులుసు ఒలికిందన్నాను.

"ఇవాళ నేను పెట్టింది బీరకాయ కూర కదండీ?" అంది.

అబద్ధం చెప్పడానికి కూడా శిక్షణ కావాలని అప్పుడు తెలిసింది. జరిగింది చెప్పాను. ఆవిడ కోటు నా చేతిలోంచి తీసుకుని తనే ఉతికింది. తర్వాత గార్డులకి ఫోన్ చేద్దామంది.

ఈ దేశంలో పోలీసుల్ని గార్డులంటారు. వీధుల్లో తిరిగే గార్డు నడుముకి తుపాకీ ఉండదు. తుపాకీ లేని పోలీసు! మా కాకినాడలో సినిమా హాలు ముందు నిలబడే హోంగార్డుకి కూడా కనీసం గుడ్లురిమే చూపైనా ఉంటుంది. ఇక్కడి గార్డు వచ్చి "ఆర్ యూ గ్రాండ్?" అని కుశలం అడుగుతాడు. గ్రాండ్‌గా ఉంటే అతన్నెందుకు పిలుస్తాం?

ఈ దశలో మా బామ్మర్ది త్రినాథ్ రంగంలోకి దిగాడు. అతను ఉండేది టెక్సాస్‌లో.

"బావా, నా దగ్గర మూడున్నాయి. ఒకటి కార్లో, ఒకటి మంచం పక్కన" అన్నాడు ఫోన్లో.

"మూడోది?"

"ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు బావా."

ఎంత ఐశ్వర్యం! దసరాకి ఆయుధ పూజ ఫోటో పంపుతాడు. పీట మీద పిస్టళ్ళు, పసుపు, కుంకుమ, చామంతులు. నేనూ పంపుతాను, ఆఫీసు లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి. ఓసారి ఆ కుంకుమ కీబోర్డులోకి జారి, మైకు తెరిచే మీట పనిచేయక, మూడు మీటింగుల్లో మౌనవ్రతం పట్టాను. ఎవరూ గమనించలేదు.

పిస్టల్ ఉంటే గమనించరా? లాభాలు ఆలోచించండి. ఇంటి ఓనరు అద్దె పెంచుతానని వచ్చినప్పుడు దాన్ని టీపాయ్ మీద పెట్టి, తీరిగ్గా టీ ఇవ్వచ్చు. ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి కుటుంబంతో వచ్చి ఒక్క చిప్స్ పాకెట్టు తెచ్చేవాడు ఈసారి పులిహోర తెస్తాడు. ఉగాది సభలో వక్త "చివరగా ఒక్క మాట" అన్నాక నిజంగా ఒక్క మాటే మాట్లాడతాడు! ఇంతకు మించిన సంఘసంస్కరణ ఏముంది?

వసుంధర మాత్రం ఒప్పుకోలేదు. "కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషికి పిస్టలా? దొంగొస్తే, 'వసూ, బీరువా తాళం ఎక్కడ' అని నన్ను లేపుతారు. ఆ లోపల వాడు కాఫీ పెట్టుకుని తాగి వెళ్తాడు" అంది.

సంస్కర్తలకి ఇంటి పోరు మామూలే. నేను మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో నా ఉద్యమం ప్రకటించాను. స్పందన చూసి కళ్ళు చెమర్చాయి! బొటనవేళ్ళు, పిడికిళ్ళు, సింహాలు. ఇండియాలో ఉన్న మేనమామల పరాక్రమాలు. సంఘం అధ్యక్షులు మధుసూదనరావు గారైతే "బుచ్చిబాబు గారి వెంట ప్రాణాలైనా ఇస్తాం" అని రాశారు. ఆ ఊపులోనే బస్సెక్కి మెయ్‌నూత్ అవతల పొలాల మధ్య ఉన్న ఒక షూటింగ్ క్లబ్బుకి వెళ్ళాను.

అక్కడ సెక్రటరీ ఒక తెల్లజుట్టు పెద్దావిడ. టీ ఇచ్చి నా ఉద్యమాన్ని ఓపిగ్గా విన్నారు. సైనికుల రకం పిస్టలుకి ఈ దేశంలో కొత్త లైసెన్సులు ఆపేసి చాలా కాలమైందన్నారు. అట్టముక్క మీద చుక్కని కొట్టే చిన్నరకం ఉందిట. దానికైనా ముందు క్లబ్బులో చేరాలి, నేర్చుకోవాలి, ఆనక అడగాలి.

"ఆత్మరక్షణ కోసమని అడిగితే?" అన్నాను.

"ఆ కారణం ఇక్కడ చెల్లదు బాబూ. అసలు చేరాలంటేనే, ప్రభుత్వం రూలు ప్రకారం, నిన్ను బాగా ఎరిగిన ఇద్దరు మనుషులు పూచీ ఉండాలి. నువ్వు మంచివాడివని చెబితే చాలు."

ఇద్దరే! పగలబడి నవ్వబోయాను. వందలమంది ఉన్న గ్రూపు నాది!

ఇంటికొచ్చి మధుసూదనరావు గారికి ఫోన్ చేశాను. "బుచ్చిబాబు గారూ, ప్రాణం అడగండి, ఇస్తాను. పేరు మాత్రం అడక్కండి. సిటిజన్‌షిప్ ఫైలు నడుస్తోంది" అన్నారు. ఆఫీసులో ఏళ్ళ తరబడి నా పక్క సీట్లో కూర్చునే వెంకట్‌ని అడిగాను. "ఏమనుకోకండి. బాగా ఎరగడమంటే... మీరు పెరుగన్నం తింటారని తెలుసండీ. ఇంకేం తెలుసు నాకు?" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. అతని గురించి నాకు ఆ పెరుగన్నమంత కూడా తెలియదు. మా ఆవిడ పూచీ పనికిరాదుట. పనికొచ్చినా ఇవ్వనని ఆవిడ ముందే చెప్పేసింది.

మిగిలింది మా ఎదుటి ఫ్లాటు మనిషి. అరవై దాటి ఉంటాయి. ఎప్పుడూ హూడీ, పక్కన దూడంత కుక్క. ఆ కుక్కని చూస్తే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. లిఫ్టులో వాళ్ళు ఎక్కగానే నేను ఫోను చెవికి ఆనించి "హలో, ఆఁ, చెప్పండి" అంటాను. అటువైపు ఎవరూ ఉండరు. ఈ విద్య మీకూ వచ్చునని నాకు తెలుసు, బుకాయించకండి.

తలుపు కొట్టాను. తీశాడు. నన్ను బాగా ఎరుగుదునని చెప్పమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, ముందు "తమ పేరేమిటి?" అని అడగాల్సి వచ్చింది.

"డెక్లన్" అన్నాడు. "నువ్వు చాలా పెద్ద ఉద్యోగస్థుడివనుకుంటా. ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటావు. పలకరిద్దామంటే సందు దొరకదు."

నాకు తల కొట్టేసినట్టయింది. పిస్టల్, క్లబ్బు, పూచీ అంటూ గడగడా చెప్పాను. నెమ్మదిగా విని, "ఎవరి మీదికి పిస్టలు?" అన్నాడు.

ఏం చెప్పను? స్టాపు దగ్గరి కుర్రాళ్ళ మొహాలు నేను సరిగ్గా చూడనే లేదు. ఆ రోజు నుంచి నా భయానికి మొహమంటూ లేదు. హూడీ ఉన్న ప్రతివాడూ వాడే. మర్యాదకి పైకి అనలేదు గానీ, ఆ లెక్కన నా జాబితాలో మొదటివాడు నాకు తలుపు తీసినవాడే.

నా తటపటాయింపు చూసి, "స్టాపు దగ్గర ఆ పోకిరీలు నీ జోలికీ వచ్చారా?" అన్నాడు. "నా కారు అద్దం వాళ్ళే పగలగొట్టారు. చీకటి పడితే కొట్టుకి వెళ్ళాలన్నా నాకు కాళ్ళాడవు. కుక్కని తెచ్చుకుంది అందుకే. లేకపోతే ఈ వయసులో నాకెందుకు ఈ గొడవ?"

పాఠకులారా, కాస్త ఆగి చూడండి. ఆ కుర్రాళ్ళకి భయపడి అతను కుక్కని కొన్నాడు. ఆ కుక్కకి భయపడి నేను అతనితో మాట కలపలేదు. ఇప్పుడు నేను పిస్టల్ కొంటే, దానికి భయపడి అతనేం కొనాలి? ఫిరంగా? గడపకి ఇటు ఒకడు, అటు ఒకడు, ఇన్నాళ్ళూ ఒకే భయాన్ని విడివిడిగా, ఎవడి ఖర్చు వాడు పెట్టుకుని పెంచుకున్నాం.

"పూచీ దానికేం, ఉంటాలే" అన్నాడు డెక్లన్. "కానీ బాగా ఎరుగుదునని చెప్పాలంటే ముందు ఎరగాలి కదా. ట్రామ్ ఎన్నింటికి దిగుతావు?"

ఇప్పుడు రోజూ సాయంత్రం స్టాపులో డెక్లన్, కుక్క ఇద్దరూ ఉంటున్నారు. అతను మాట్లాడతాడు, కుక్క నా ప్యాంటుకి చొంగ కారుస్తుంది. కుర్రాళ్ళు అక్కడే నిలబడుతున్నారు, నాకు ఇంకా భయం వేస్తోంది, అయినా ముగ్గురం కలిసి ఇంటిదాకా నడుస్తున్నాం. వసుంధర డ్యూటీ దిగే వేళకి నేనూ కుక్కతో స్టాపుకి వెళ్తున్నాను.

అయినా నా ఉద్యమం ఆగలేదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. మిలిటరీ పిస్టల్ ప్రతి ఇంటికీ అవసరమే! ఒక పూచీదారు దొరికాడు, ఇంకొకరు కావాలి. వెతుకుతూనే ఉన్నాను. కింది అంతస్తు వాళ్ళ పేర్లు కూడా కనుక్కుంటున్నాను. ఎటొచ్చీ ఈ ఇద్దరి షరతు పెట్టిన ప్రభుత్వం మహా జిత్తులమారిది. ఆ రెండో మనిషి కూడా దొరికాక, ఇక పిస్టలుతో నాకేం పని?