పెద్ద కంపెనీ ఓవెన్

ప్రౌస్ బేకరీ లిమిటెడ్ తన చరిత్రలో మొట్టమొదటిసారి వాటాదారులకు డివిడెండ్ ప్రకటించిందన్న శుభవార్త ఫోనులో వచ్చేసరికి, టాంసిన్ ఐసుముక్కలు పోసిన ప్లాస్టిక్ పెట్టెలో పాలసీసా కోసం వెతుక్కుంటోంది. పెళ్ళై మూడు వారాలైంది. ఫ్రిజ్ కొనుక్కోమని బంధువులిచ్చిన డబ్బుతో ఆమె ఈ బేకరీ వాటాలు కొంది. కామర్స్ చదివిన పిల్ల కనుక, ఫ్రిజ్ విలువ ఏటేటా తరిగిపోతుందని ఆమెకు తెలుసు.

ఇదే విషయం మీద కాలేజీలో వ్యాసం రాసి మెప్పు కూడా పొందింది. నగదు దండిగా ఉన్న పెద్ద కంపెనీలు లాభాలు పంచుతాయి, ఎదగవలసిన చిన్నవి దాచుకుంటాయి అని. ప్రౌస్ బేకరీకి ఉన్నది ఒక గది, ఒక ఓవెన్.

సాయంత్రం కొలాక్ ఊరి బౌల్స్ ఆటల క్లబ్బులో సర్వసభ్య సమావేశం. చెక్కుల పంపిణీ అయ్యాక చైర్మన్ నెవిల్ ప్రౌస్ గారు టై సర్దుకున్నారు.

"పెద్ద కంపెనీలు డివిడెండ్ ఇస్తాయి. మనం ఇన్నాళ్ళూ ఇవ్వలేదు కనకనే చిన్నగా ఉండిపోయాం. ఈ రోజు నుంచి మనదీ పెద్ద కంపెనీయే."

"డబ్బెక్కడిది నెవ్?" అంది వెనక వరసలోంచి బెరిల్ ముసలావిడ.

"ఓవెన్ అమ్మేశాం."

"మరి రొట్టెలెక్కడ కాలుస్తావు నాయనా, నీ టోపీలోనా?"

చైర్మన్ గారు పసిపిల్లను చూసినట్టు చూశారు. కొత్త వాటాలు జారీ చేస్తారట. ఆ డబ్బుతో మళ్ళీ ఓవెన్ కొంటారట. ఎవరింట్లోనైనా పాతది ఉంటే రేపు తెచ్చి చవగ్గా ఇవ్వవలసిందిగా మనవి.

టాంసిన్‌కు తన వ్యాసం గుర్తొచ్చింది. కాని అది రాసిననాడు చేతిలో చెక్కు లేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

చెక్కు క్లబ్బు కౌంటర్లోనే నగదుగా మార్చుకుని, ఆ డివిడెండుతో మొగుడూ పెళ్ళాం చేపముక్కలు, చిప్సు తిన్నారు. మిగిలిన చిల్లరతో రోరీ ఆమెకో ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు.

"కొత్త వాటాలు మనమూ కొనాలోయ్," అంది ఇంటికొచ్చాక.

"దేంతో?"

"మా మేనత్త పెళ్ళికిచ్చిన ఓవెనుందిగా. కంపెనీకి అమ్మేద్దాం."

రోరీ వేళ్ళు నాక్కుంటూ ఆలోచించాడు. "అంటే మన ఓవెన్ మన కంపెనీకే అమ్మి, ఆ డబ్బు మళ్ళీ మన కంపెనీకే ఇస్తాం. అంతేనా?"

"కామర్స్ చదవనివాళ్ళకి అలాగే కనిపిస్తుంది."

"మరి వంటో?"

"డివిడెండ్ వస్తుందిగా. రొట్టెలు కొనుక్కు తిందాం."

అంతలో ఫోను మోగింది. బెరిల్ ముసలావిడ.

"రేపు మీవాడి ట్రక్కులో నా ఓవెన్‌కి కూడా కాస్త చోటుంచు తల్లీ. ఎనిమిదింటికే వెళ్దాం. పెద్ద కంపెనీ కదా, లైను కూడా పెద్దదే ఉంటుంది."